ఉద్యోగం వచ్చేదాకా తెలుగు వద్దు

ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు గొంతు సవరించుకుంటాను. ఎత్తేలోపు "హలో, పద్మజ స్పీకింగ్" అని లోపల ఒకసారి అనుకుని చూసుకుంటాను. చేసింది మా అమ్మాయే అయినా, పాలు తెమ్మని చెప్పడానికే అయినా సరే. "అమ్మా, వై డూ యూ సౌండ్ లైక్ ఎ కాల్ సెంటర్?" అని అది నవ్వుతుంది. ఈ అలవాటు నాకు ఎవరు నేర్పారో దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే మస్తాన్ అంకుల్ గురించి చెప్పాలి. ఆయన గురించి మొదలుపెడితే రమణ దగ్గరికి రాకుండా ఆగడం నా వల్ల కాదు. రమణ గుర్తొచ్చిన రోజు నాకు ఇంక ఏ పనీ తోచదు.

పోయిన చలికాలం, కాన్‌బెరా శివారు హారిసన్‌లో మా పెరటి గడ్డంతా మంచుతో తెల్లగా బిగుసుకుపోయిన ఒక పొద్దున, సల్మా ఫోన్ చేసింది. సల్మా మస్తాన్ అంకుల్ కూతురు, అడిలైడ్‌లో ఉంటుంది. "పద్మక్కా, డాడ్‌కి స్ట్రోక్ వచ్చింది. నౌ హీ ఈజ్ స్టేబుల్. బట్ ఇంగ్లీష్ పోయింది అక్కా. కంప్లీట్లీ గాన్. ఓన్లీ తెలుగు మాట్లాడుతున్నారు, ఆ తెలుగు నాకు హాఫ్ కూడా అర్థం కావట్లేదు. నర్సులకైతే నథింగ్. మమ్ ఉంటే బావుండేది. కెన్ యూ కమ్?" అంది. వస్తానన్నాను.  ఇంగ్లీషు పోయిందట. ఎవరికి? మా అందరి నోటా తెలుగు మాన్పించిన మనిషికి.

నేను అడిలైడ్‌లో చదువుకునే రోజుల్లో ఆ నగరం చివరనున్న మాసన్ లేక్స్ ఇంకా సగమే ఊరు. వీధులకి పేర్లు పెట్టేశారు, వాటి మీద ఇళ్ళు లేవు. తవ్విన చెరువులో నీళ్ళున్నాయి గానీ ఒడ్డున చెట్లన్నీ మోకాలెత్తువి. యూనివర్సిటీకి నడిచిపోయేంత దూరంలో మస్తాన్ అంకుల్ ఇల్లు. ముందు గదిలో అమ్మాయిలం, వెనక కట్టించిన పొడుగాటి షెడ్డులో అబ్బాయిలు. అంకుల్‌ది తెనాలి దగ్గర పల్లెటూరు. "మేం పత్తి ఏకే సాయిబులం అమ్మా, మా ఇంట్లో ఉర్దూ పెళ్ళిళ్ళప్పుడు వచ్చే చుట్టాలు మాట్లాడితే వినడమే. మా అమ్మ తిట్టినా దీవించినా తెలుగే" అనేవారు. ఆయన భార్య మీరాబీ ఆంటీ. ఆవిడ కుండీలో పెంచే కరివేపాకు చెట్టుని చలి మొదలవగానే ఇంట్లోకి తెచ్చి, హీటర్ పక్కన పెట్టి, దానికి మనిషికి చెప్పినట్టు కబుర్లు చెప్పేది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే హక్కు ఉన్నది ఆవిడకీ, ఆవిడ కరివేపాకు చెట్టుకీ మాత్రమే.

ఎందుకంటే అంకుల్ ఇంటికి ఒక నియమం ఉండేది. ఉద్యోగం వచ్చేదాకా తెలుగు మాట్లాడకూడదు. చేరిన రోజు మొదటి భోజనం దాకా మాట్లాడుకోవచ్చు. తిని చెయ్యి కడుక్కున్నాక ఇంక ఇంగ్లీషే. వంటింట్లోనూ ఇంగ్లీషే, బాత్రూం తలుపు కొట్టడమూ ఇంగ్లీషులోనే, జ్వరమొస్తే మూలగడం కూడా ఇంగ్లీషులోనే అని మాలో మేం ఏడిపించుకునేవాళ్ళం, అదీ ఇంగ్లీషులోనే. ఉద్యోగం వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి ఆ సంగతి తెలుగులో చెప్పాలి. చెప్పగానే మీరాబీ ఆంటీ సేమ్యా పాయసం ఒక చెంచా నోట్లో పెట్టేది. ఇంటికి కట్టే అద్దె నామమాత్రం, భోజనం దాదాపు ఊరికే. కాబట్టి నియమం మీద ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు. అసలు నోరే లేదు కదా.

ఆయనది చాదస్తం కాదు, దెబ్బ తిన్న మనిషి తెలివి. బీకాం చదివి లెక్కల ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. "ప్రశ్న ఇంగ్లీషులో వినేవాణ్ణి, జవాబు తెలుగులో తోచేది. దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి నోటిదాకా తెచ్చేలోపు ఎదుటివాడు థాంక్యూ చెప్పేసి ఇంకొకణ్ణి పిలిచేవాడు. ఆ మధ్యలో జరిగే ప్రయాణం లేకుండా చెయ్యాలమ్మా" అని నేను చేరిన రోజు అన్నం తింటుండగా చెప్పారు. ఆయన చివరికి పప్పులూ మసాలాలూ అమ్మే కొట్టు పెట్టుకున్నారు. తనకి జరిగింది మాకు జరగకూడదనుకున్నారు. మాకెవరికీ ఇంకో సలహాదారు లేడు. యూనివర్సిటీలో ఉద్యోగాల గురించి చెప్పే ఆఫీసు ఒకటి ఉండేది గానీ, వాళ్ళు చెప్పేది ఈ దేశంలో పుట్టి పెరిగిన వాళ్ళకి. ఇంటర్వ్యూలో పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడాలని, చూస్తే మన ఊళ్ళో పొగరనుకుంటారు గానీ ఇక్కడ చూడకపోతే దొంగనుకుంటారని మాకు చెప్పింది మస్తాన్ అంకులే.

ఆదివారం పొద్దున్నే గరాజులో బియ్యం బస్తాలు పక్కకి జరిపి మాకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టేవారు. స్వెటర్ మీద టై కట్టుకుని కూర్చునేవారు. తల అడ్డంగా ఊపితే మళ్ళీ బయటికి పంపి తలుపు తట్టించేవారు. 'సర్' అంటే మళ్ళీ బయటికి. అన్నిటికంటే ఆయనకి కోపం తెప్పించేది 'మేము' అనడం. "ఆ ప్రోగ్రాం రాసింది నువ్వా, మీ వీధి వీధంతానా? ఐ డిడ్ ఇట్ అను!" అనేవారు, ఇంగ్లీషులోనే. ఇంటర్వ్యూకి తొడుక్కోవాల్సిన చొక్కాలు కారు డిక్కీలో వేలాడేవి, వంటింట్లో తాలింపు వాసన అంటకుండా. వెక్కిరించకండి. ఆయన చేత్తో పంపిన వాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. అప్పట్లో రెండు సున్నాల భయం లోకాన్ని పట్టి ఊపుతోంది. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు కొత్త శతాబ్దంలో ఏమైపోతాయోనని బ్యాంకులన్నీ మనుషుల కోసం వెతుక్కుంటున్నాయి. పని తెలిసి, నోరు తిరిగితే చాలు.

ఆ రోజుల్లో వచ్చాడు రమణ. కందుకూరు దగ్గర పల్లె. పాత ప్రోగ్రాముల భాష అతనికి కొట్టిన పిండి. అంతకంటే కొట్టిన పిండి మాటలు. వచ్చిన రోజు మధ్యాహ్నం మొదటి భోజనానికి అందరం హాల్లో కింద కూర్చున్నాం. ఆర్టీసీ కండక్టరు చిల్లర లేదని ఎలా కసురుతాడో, సంతలో గేదె పళ్ళు చూసి బేరగాడు ఎలా పెదవి విరుస్తాడో, వాళ్ళ మేనత్త ఒక్క దగ్గుతో కోడల్ని ఎలా హడలగొడుతుందో గొంతు మార్చి మార్చి చెప్తుంటే మేం అన్నం మింగలేకపోయాం. నియమం గురించి అతనికి ముందే చెప్పారు. అందుకే భోజనం అయిపోయినా లేవడు. కంచంలో చెయ్యి ఎండిపోయి పెచ్చులు కట్టింది, "ఒక్కటి, ఇంకొక్కటి చెప్పి కడుక్కుంటా అంకుల్" అని మళ్ళీ మొదలుపెడతాడు. మీరాబీ ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జారబడిపోయింది. అంకుల్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ తర్వాత తనే లేచి సింకు దగ్గర కుళాయి తిప్పి, "కమ్, రమణా. టైమ్" అన్నారు. రమణ లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. ఆ నీళ్ళ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మిగిలిన మేమంతా దొంగచాటుగా చెరువు గట్టు దాకా నడిచి, ఆ మోకాలెత్తు చెట్ల మధ్య తనివితీరా తెలుగు మాట్లాడుకుని వచ్చేవాళ్ళం. రమణ రాడు. పెద్దాయన అన్నం పెట్టి మాట తీసుకున్నాడు, ఆ మాట తప్పనంటాడు, అదీ రెండు ముక్కల ఇంగ్లీషులో. ఇంగ్లీషులో అతనికి కండక్టరు లేడు, బేరగాడు లేడు, మేనత్త లేదు. అందుకని ఏమీ మాట్లాడేవాడు కాదు. "నో వర్రీస్", "యెస్ ప్లీజ్". పొద్దస్తమానం ఆ రెండే. గరాజులో అంకుల్ ఏం అడిగినా నాలుగు ముక్కలు అప్పజెప్పి ఆగిపోయేవాడు. చదువు అయిపోయింది, వీసా గడువు దగ్గరపడుతోంది. ఉద్యోగం రాకపోతే తిరిగి వెళ్ళిపోవాలి. వాళ్ళ నాన్న లేరు, తల్లి ఒక్కతే ఇతని మీద ఆశలన్నీ పెట్టుకుని కూర్చుంది. అంకుల్ కంగారుపడి అతనికి ఇంగ్లీషు వార్తలు వినిపించారు, పేపరు పైకి చదివించారు, చివరికి ఇంగ్లీషులోనే ఆలోచించమన్నారు. "లోపల కూడా తెలుగు రానీకు" అన్నారు, అదీ ఇంగ్లీషులోనే. రమణ తల ఊపాడు, అడ్డంగా కాదు, నిలువుగా, నేర్పినట్టే. మీరాబీ ఆంటీ పప్పు తిప్పుతూ కరివేపాకు చెట్టుతో అన్నట్టుగా అంది, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఈయన వైద్యం నాకు భయంగా ఉందమ్మా."

ఇళ్ళకి చేసే ఫోన్లకి నియమం వర్తించదు. అంకుల్ మొదట్లోనే చెప్పారు, అమ్మతో అమ్మ భాషే అని. హాల్లో తీగ ఉన్న ఫోన్, ఆదివారం మధ్యాహ్నం వరసలో నిలబడి, కొనుక్కున్న ఫోన్ కార్డు నంబరు నొక్కి చేసుకునేవాళ్ళం. రమణ వాళ్ళింట్లో ఫోన్ లేదు, ఎదురింట్లో ఉంది. వాళ్ళమ్మ అక్కడికొచ్చి కూర్చునేది. దూరం ఎక్కువ కాబట్టి గట్టిగా అరిస్తేనే వినపడుతుందని అప్పటి పెద్దవాళ్ళందరి నమ్మకం, అందుకని ఆవిడ మాట హాలంతటికీ వినపడేది. ఆ ఆదివారం రమణ తర్వాత వంతు నాది, పక్కనే నిలబడ్డాను. "రమణా! ఎట్లా ఉండావు నాయనా?" అంది ఆవిడ. రమణ, "అయామ్ ఫైన్. ఫుడ్ ఈజ్ గుడ్" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమో, మళ్ళీ పాత రమణ వచ్చేశాడేమో అనుకుని నేను నవ్వబోయాను. అతని మొహం చూసి ఆగిపోయాను. పెదాలు కదులుతున్నాయి. నుదుటి మీద చెమట. "వెదర్ ఈజ్ కోల్డ్" అన్నాడు.  అవతల ఆవిడ, ఈసారి అరవకుండా, పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగింది. "ఎవరు బాబూ మీరు? మా రమణకి ఇయ్యండి ఫోను."

అంకుల్ సోఫాలోంచి లేచొచ్చారు. "అమ్మతో తెలుగు మాట్లాడు నాయనా" అన్నారు. ఆయన నోట మాతో తెలుగు విని అన్ని నెలలయింది కాబట్టి అందరం తలలు తిప్పాం. "అయామ్ ట్రయింగ్, అంకుల్" అన్నాడు రమణ. చిన్నపిల్లాడిలా అన్నాడు. అంకుల్ ఫోన్ అతని చేతిలోంచి తీసుకున్నారు. "అమ్మా, నేను ఈ ఇంటాయన్ని, మస్తాన్ని. రమణ ఇంట్లో లేడమ్మా, ఇంటర్వ్యూకి వెళ్ళాడు. వస్తాడు. రాగానే చేయిస్తాను" అన్నారు. రమణ ఆ పక్కనే నిలబడి, తను ఇంట్లో లేడని వింటున్నాడు. నేను ఆ రోజు మా ఇంటికి ఫోన్ చెయ్యలేదు. చేస్తే నా నోట్లోంచి ఏం వస్తుందోనని భయం వేసింది.

ఆ సాయంత్రమే అంకుల్ నియమం ఎత్తేశారు. ఎవరి ఇష్టం వచ్చిన భాష వాళ్ళు మాట్లాడుకోండన్నారు. చిత్రమేమిటంటే ఇంట్లో చప్పుడు ఇంకా తగ్గిపోయింది. అనుమతి దొరికాక ఏం మాట్లాడాలో మాకు తెలియలేదు. కుక్కర్ కూతలూ, గరిట చప్పుళ్ళూ, ఫ్రిజ్ గురగురా, అంతే. వెనక షెడ్డు వైపు నుంచి గాలి వీస్తే రమణ మాట్లాడుతున్నాడేమోనని ఆంటీ చేతిలో పని ఆపి చెవి పెట్టేది. ఇదంతా ఇలా ఉండగా అతనికి మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద సంస్థ నుంచి పిలుపొచ్చింది. వెళ్ళాడు. ఇంటర్వ్యూలో అతను చెప్పింది తక్కువ, ప్రతి మాటకీ ముందు 'ఐ'. ఎక్కడా తడబాటు లేదట, ఆ మధ్యలో ప్రయాణం లేదు కదా. ఉద్యోగం ఇచ్చారు, వీసా నిలబడింది. అంకుల్ సలహా నెగ్గింది. ఇన్నేళ్ళుగా నన్ను వదలనిది అదే. ఆ సలహా తప్పయి ఉంటే ఆయన్ని హాయిగా తిట్టుకునేదాన్ని.

తిరిగొచ్చిన రోజు అందరం గుమ్మం లోపల నిలబడ్డాం. ఆంటీ చెంచాలో పాయసం తీసి పట్టుకుంది. రమణ చెప్పులు విప్పి, గుమ్మంలో నిలబడి, నోరు తెరిచాడు. మేం అందరం మా పెదాలతో అతనికి సాయం చేస్తున్నాం, పిల్లలకి పద్యం అందిస్తున్నట్టు. "ఐ గాట్ ఇట్, అంకుల్" అన్నాడు. ఆంటీ చెంచా దించలేదు. ఎదురుచూసింది. అంకులే, "పెట్టవే, పెట్టు, చల్లారిపోతుంది" అన్నారు. రమణ పాయసం మింగి, "థాంక్యూ, ఆంటీ" అన్నాడు.

ఇప్పుడు నేను కాన్‌బెరాలో ఒక యూనివర్సిటీలో ఆ పనే చేస్తున్నాను, పిల్లలకి ఉద్యోగాలు వెతుక్కోవడం నేర్పే పని. మన పిల్లలు వస్తారు, తలుపు వేయగానే "ఆంటీ, యాక్సెంట్ మార్చుకోవాలా?" అని నెమ్మదిగా అడుగుతారు. కళ్ళలోకి చూడమంటాను, 'మేము' బదులు 'నేను' అనమంటాను. అంకుల్ చెప్పినవన్నీ ఒక్కటి పొల్లుపోకుండా చెప్తాను, అవి నిజం కాబట్టి. తర్వాత, ఇంటికెళ్ళి మీ అమ్మకి ఫోన్ చేసి ఏదైనా ఒక పితూరీ చెప్పి రండి అంటాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఈ మాట నా ఉద్యోగంలో లేదు, నా భయంలో ఉంది. ఇంటికొస్తే మా అమ్మాయి నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్తుంది. ఆ రోజుల్లో మీరాబీ ఆంటీ తెలుగులో అడిగేది, మేం ఇంగ్లీషులో చెప్పేవాళ్ళం. ఆంటీకి ఎలా ఉండేదో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

అడిలైడ్ వెళ్ళేముందు రమణకి ఫోన్ చేశాను. టూవూంబా అనే ఊళ్ళో ఉంటాడు, భార్య మలయాళీ నర్సు, ఇంట్లో అందరిదీ ఇంగ్లీషే. ఏడాదికోసారి పలకరించుకుంటాం, నేను తెలుగులో, అతను ఇంగ్లీషులో. అన్నీ అర్థమవుతాయి, చదువుతాడు, నోటికి మాత్రం రాదు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఫోన్‌లో ఆవిడే మాట్లాడేదట, తను ఊఁ కొట్టేవాడట. ఊఁ ఏ భాషా కాదు కదా అన్నాడు ఒకసారి, ఇంగ్లీషులో. అంకుల్ సంగతి చెప్పగానే వస్తానన్నాడు. నాకంటే ముందే వచ్చాడు.

ఆసుపత్రికి వెళ్ళేముందు సల్మా అంకుల్ బట్టలు తెమ్మని నాకు ఇంటి తాళాలు ఇచ్చింది. చెరువు ఒడ్డున చెట్లిప్పుడు ఇళ్ళకంటే ఎత్తున్నాయి. తలుపు తీసి, ఎవరూ లేరని తెలిసి కూడా, "హలో? ఎనీబడీ హోమ్?" అన్నాను. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే నా నోట్లోంచి అదే వచ్చింది. హాల్లో ఫోన్ ఉండే చోట గోడ మీద చదరంగా రంగు వెలవని మచ్చ. వెనక షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. రమణ మాటలన్నీ, ఆ కండక్టరూ, బేరగాడూ, మేనత్తా, ఆ షెడ్డులో ఎక్కడో ఇంకా వంతు కోసం కూర్చున్నట్టు అనిపించి, చీర చెంగు కాళ్ళకి అడ్డం పడుతున్నా ఆగకుండా బయటికొచ్చేశాను.

అంకుల్ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. చిన్నగా అయిపోయారు. నన్ను చూడగానే, "పద్మా, ఉద్యోగం వచ్చిందా అమ్మా?" అన్నారు. "వచ్చింది అంకుల్" అన్నాను. "తెలుగులో చెప్పావు. శభాష్! మీరాబీ, పాయసం తే" అన్నారు. ఆంటీ పోయి కొన్నేళ్ళయింది. సల్మా కిటికీ వైపు తిరిగి నిలబడింది. రమణ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. జుట్టు ఊడిపోయింది, కళ్ళద్దాలు. పెదాలు కదిలాయి, అచ్చం ఆ ఆదివారం కదిలినట్టే.  "ఐ గాట్ ఇట్, అంకుల్" అన్నాడు.

అంకుల్ అతని మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, పరాయివాళ్ళ ముందు గొంతు తగ్గించినట్టు తగ్గించి అడిగారు. "ఎవరమ్మా ఈయన? డాక్టరుగారా? మన రమణ ఏడీ?"

 రమణే నా భుజం మీద చెయ్యి వేసి, "టెల్ హిమ్ హీ హాజ్ గాన్ ఫర్ యాన్ ఇంటర్వ్యూ" అన్నాడు.  నేను అంకుల్‌తో, "రమణ ఇంటర్వ్యూకి వెళ్ళాడు అంకుల్. వస్తాడు" అన్నాను.

"అట్లాగా" అన్నారు అంకుల్, నెమ్మదించి. "అయితే ఆ తలుపు గడియ పెట్టకండి. పిల్లాడు వచ్చేసరికి పొద్దుపోతుందేమో."

రమణ వెళ్ళి గది తలుపు కాస్త తెరిచి పెట్టి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు.